తాపీ

బుధవారం దానికి బడి లేదు.
అంటే, ఉంది. కాకపోతే గోడ దగ్గర.

ఐదుంపావుకి బెండిగోలో ఇంకా చుక్కలుంటాయి.
అద్దం మీది మంచుని
పాత లైబ్రరీ కార్డుతో గీకి
పసుపు ఎల్ పలక అంటించి
స్టీరింగ్ ముందు అది కూర్చుంటుంది.
పక్కన నేను, రాత్రి డ్యూటీ దిగిన కళ్లతో,
లేని బ్రేకు తొక్కుతూ.

ఒప్పందం కాగితం మూడు వారాలు ఫ్రిజ్ మీదే ఉంది.
పాలు తీసినప్పుడల్లా
తల్లి సంతకం కోసం వదిలిన ఖాళీ నన్ను చూసేది.
నాలుగో వారం అది పెన్ను ఇవ్వలేదు,
ఒక ఇటుక తెచ్చి నా చేతుల్లో పెట్టింది.
"బరువు చూడమ్మా."
మూడు కిలోల పైచిలుకు.
పుట్టినప్పుడు నువ్వూ ఇంతే ఉన్నావనబోయి
మింగేసి
సంతకం పెట్టాను.

ఫోన్లో మా వదినకి "కన్‌స్ట్రక్షన్ సైడ్" అన్నాను.
"ఓహో, సివిల్ ఇంజనీరింగా!"
ఔనూ కాదూ కాని చప్పుడొకటి చేశాను.
గొంతులో ఇసుక.

ట్రెంబాత్ గారికి అరవై నాలుగు. మాటలు తక్కువ.
దారం కట్టిస్తాడు, రసమట్టం పెట్టిస్తాడు,
బుడగ పక్కకి పోతే సన్నగా ఈల వేస్తాడు.
అంతే, తిట్టడు.
తన్మయి అనడం రాక "టాన్" అంటాడు,
అది పలుకుతుంది.

మొన్న తీసుకురావడానికి తొందరగా వెళ్లాను.
షెడ్డు వెనక నడుమెత్తు గోడ,
పదకొండు వరసలు, అది ఒక్కతే కట్టినవి.
ఫోటోకి నేను ఫోన్ తీసేలోగా
ఆయన దానికి సుత్తి అందించాడు.
సున్నం మాలు. గట్టిపడదు.
నేర్చుకునే గోడకి సాయంత్రం దాకానే ఆయుష్షు.
నాకు కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది.
అది మాత్రం ఒక్కో ఇటుకా దించి
అంచులు గీకి, బకెట్లో ముంచి, పేర్చింది,
బియ్యం కడిగినంత మామూలుగా.
"ఏడో వరసలో పొట్ట వచ్చిందమ్మా.
నీకు కనపడదులే."

తిరుగుదారిలో అడిగింది,
ఆకులాంటి ఆ ఇనప పనిముట్టుని తెలుగులో ఏమంటారని.
తాపీ, అన్నాను.
"మలుపు దగ్గర తాపీగా, తాపీగా అంటావు కదా,
అదీ ఇదీ ఒకటేనా?"
తెలియదన్నాను. నిజంగానే తెలియదు.
పచ్చలైటు పడినా అది రెండు క్షణాలు ఆగి
తరవాతే కదిలింది. వెనకవాడు హారన్ కొట్టాడు.

రేపు గురువారం, కెమిస్ట్రీ పరీక్ష.
పుస్తకం మీద సున్నం వేలిముద్రలు,
పుస్తకం మీదే నిద్ర.

వదిన మళ్లీ ఫోన్ చేసింది. ఏ కాలేజీ అనుకుంటున్నారంది.
"తాపీ పని, వదినా. ఇటుకలు."
అటువైపు టీవీ చప్పుడు కూడా తగ్గింది.
"ఆడపిల్లకా?"
"పదకొండు వరసలు కట్టింది," అన్నాను.
"ఏడోదాంట్లో కొంచెం పొట్ట వచ్చింది."