విడిపూలు

గుంటూరు పెద్దాసుపత్రి గేటు కాడ
మస్తాన్‌బీ మూరంటే
మోచేతి నుంచి నడివేలి దాకా,
ఆ పైన బెత్తెడు మొగమాటం.

ఎండాకాలం నాలుగింటికి
మైలవరం బుట్ట దిగుతుంది,
తడిగుడ్డ కింద ఇంకా కళ్ళు తెరవని గుండుమల్లె.
జాజులు వానలకి గానీ రావు.
చలికి కాగడాలు. వాసన లేని పూలూ ఒక పూలేనా
అంటుంది, అమ్ముతూనే.

జడకైతే మూర. పటానికైతే జానెడు.
మస్తానయ్య దర్గాకైతే
ఎంతంటే అంత, డబ్బులు తర్వాత.

నిన్న కాన్పుల వార్డు నుంచి ఒక పిల్ల వచ్చింది
గోడ పట్టుకుని, ఒట్టి చేతులతో,
జాకెట్టు ముందంతా తడి.
"దండొద్దు. విడిపూలు. సోలెడు."

మస్తాన్‌బీ తల్లో పెట్టుకోడానికా అని అడగలేదు.
సోల మీద గోపురంగా పోసింది,
అరచేత్తో కొట్టెయ్యలేదు.
"పచ్చివే వేసి గట్టిగా కట్టుకో.
వాడగానే మార్చు.
మూడ్రోజుల్లో పాలు వెనక్కి పోతాయి."

డబ్బులు మాత్రం తీసుకుంది.
తీసుకోకపోతే
ఆ పిల్ల అక్కడే ఏడ్చేసేది.

రాత్రి ఆ మొగ్గలు ఒంటి వేడికి విచ్చుకుంటుంటే
పక్క మంచాల వాళ్ళు అడిగే ఉంటారు,
ఎవరమ్మా
పూలు పెట్టుకుందీ అని.