మూడో స్లాటు

ఒరూరోలో గాలి పలచన.
నీళ్లు తొందరగా మరుగుతాయి, దుంపలు ఎంతకీ ఉడకవు.
ఫ్యాను ఎంత గింగిరాలు తిరిగినా
ప్రాసెసరు వేడి దిగదు.
పనికి కొత్తగా వచ్చినవాళ్లకి ముందు ఈ మాట చెబుతాను,
తర్వాతే స్క్రూడ్రైవరు చేతికిస్తాను.

గని కార్మికుల ఆసుపత్రి. ఎక్స్‌రే గది.
బల్ల కింద నల్ల వర్క్‌స్టేషను
మంగళవారం నుంచి మొరాయిస్తోంది.
డాక్టర్ ఇన్యిగెస్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు:
"బొమ్మ సగం తెరుచుకుంటుంది, అంతలో చచ్చిపోతుంది.
బయట బెంచీ మీద పదకొండు మంది ఉన్నారు, యూసెబియా!"
నేను టోపీ తీసి మేకుకు తగిలించాను.
యంత్రం ముందు కంగారు పడితే
ఉన్న రోగానికి తోడు లేని రోగం కనిపిస్తుంది.

లాగ్ ఫైలు తెరిచాను.
ఫిబ్రవరి నుంచి ఒకటే మాట, విసుగూ విరామమూ లేకుండా:
మెమరీలో తప్పు. సరిదిద్దబడింది.
మెమరీలో తప్పు. సరిదిద్దబడింది.
నాలుగు వేల నూట పదిహేడు సార్లు.
ఒక్కసారీ ఎవరినీ పిలవలేదు.
తనలో తానే తడబడి, తనలో తానే దిద్దుకుని
ఊపిరితిత్తుల బొమ్మలు చూపిస్తూ పోయింది.
మంగళవారం పదింటికి
ఒకేసారి రెండు బిట్లు తిరగబడ్డాయి.
రెండింటిని దిద్దడం దానికి చేతకాదు.
ఏది నిజమో తేల్చుకోలేక
ఉన్నచోటే ఆగిపోయింది.

"పాడైపోయింది" అన్నాడు డాక్టరు.
లేదు డాక్టర్. లేని నీడను చూపించి
ఒక మనిషిని రోగిని చేయడం కంటే
నోరు మూసుకోవడం మేలనుకుంది.
ఇది పైకి అనలేదు. మూత విప్పుతూ అనుకున్నాను.

నా వెంట వచ్చిన కుర్రాడు ఫ్రోయిలాన్
ఎక్కడో చదివాడు: ఇంత ఎత్తులో
నక్షత్రాల అవతలి నుంచి రేణువులు రాలి
బిట్లను తలకిందులు చేస్తాయట.
చదివింది నిజమే.
కాని నేరం మొదటే ఆకాశం మీద వేయకూడదు నాయనా,
అది వాయిదాలకు రాదు.
ముందు దగ్గరివాళ్లను అడుగు.

మూడో స్లాటులోని మెమరీ పలకను ఒకటికి మార్చాను,
ఒకటోదాన్ని మూడుకు.
తప్పు పలక వెంట నడిచొస్తే పలకది,
ఇంట్లోనే కూర్చుంటే ఇంటిది.
పరీక్ష పెట్టి, జాకెట్టు కప్పుకుని బెంచీ మీద వాలాను.
రెండున్నరకు ఎర్ర గీత.
మూడో స్లాటే.
మచ్చలేని పలక కూడా అక్కడికొచ్చి
అదే తప్పు చేస్తోంది.
నా సంచిలో అప్పటికే కొత్త పలక ఉంది, బిల్లుతో సహా.
పాతదాని వీపు మీద సాయంత్రమే మార్కరుతో
దోషి అని రాసేశాను.
ఆ అక్షరాలు తుడవడానికి
చాలాసేపు పట్టింది.

టార్చి వేసి చూశాను.
గాడిలో, బంగారు పళ్ల మధ్య
బూడిదరంగు పొడి.
వేలికి అంటి తళుక్కుమంది.
ఇది ఇళ్లలో పేరుకునే దుమ్ము కాదు. దీన్ని నేనెరుగుదును,
మా నాన్న చొక్కా విదిలిస్తే రాలేది.
బెంచీ మీది చొక్కాల నుంచి తలుపు కింది సందులోంచి
ఫ్యాను లాక్కుని లాక్కుని లోపల దాచింది.
గోడమీది దీపపు పెట్టెలో
పాత ఫిల్ము ఒకటి ఇంకా వేలాడుతోంది.
రెండు తిత్తుల నిండా
అదే పొడి, తెల్లగా.

కుంచెతో దులిపాను. స్పిరిటు అద్దాను.
మేనకోడలి రబ్బరుతో పలకల అంచులు రుద్దాను.
పొద్దున్నే డాక్టరు వచ్చి చూసి
"ఇంతేనా? తుడిస్తే పోతుందా?" అన్నాడు.
"దీనికైతే పోతుంది" అన్నాను.
ఆయన గోడవైపు చూడలేదు.

మర్నాటి రాత్రంతా మళ్లీ పరీక్ష నడిచింది.
సున్నా. సున్నా. సున్నా.
ఫ్రోయిలాన్ కోకా ఆకు వేసి టీ తెచ్చాడు.
నాలుగూ పదికి ఒకే ఒక్క గీత:
ఐదో స్లాటు. ఒక తప్పు. సరిదిద్దబడింది.
వాడు నా మొహం చూశాడు.
ఆరయింది, ఎనిమిదయింది, మళ్లీ రాలేదు.
నోటుబుక్కులో తేదీ, సమయం, స్లాటు రాసి
కారణం అన్న గడిలో
ఆకాశం అని రాసుకున్నాను.

తలుపు తీస్తే
వరుసలో మొదటి మనిషి లోపలికొస్తూ
గుమ్మంలో ఆగి, మర్యాదగా
చొక్కా దులుపుకున్నాడు.