మూడొందల కాపీలు

డులూత్‌లో మంచు తోసే బండి నడుపుతాను.
రాత్రి రెండింటికి ఎక్కితే తెల్లారేదాకా
వీధుల్ని గీసుకుంటూ పోవడమే.
బ్లేడు తారును ఒరుసుకున్నప్పుడు పుట్టే ఆ కీచు
నాకొక్కదానికే శ్రుతిలా వినిపిస్తుందని
తోటి డ్రైవర్లతో ఎప్పుడూ అనలేదు.

ఇవాళ డ్యూటీ దిగి, బూట్లన్నా విప్పకుండా
పాత రికార్డుల కొట్లో దూరాను,
కాసేపు ఒళ్లు వెచ్చబడితే చాలని.
కౌంటర్ వెనక చియా యాంగ్.
ఇరవై ఉంటాయేమో.
"ఇది వినాలి మీరు" అంటూ ముల్లు దించింది.

గరగర.
తర్వాత ఎవరో దగ్గారు.
కాస్త సన్నబడింది గానీ
ఆ దగ్గు నాకు తెలుసు.

తొంభై నాలుగు, ఫిబ్రవరి.
ఆర్వో పెదనాన్నగారి చేపల షెడ్డు.
గోడలకి పాత పరుపులు మేకులతో కొట్టి
దాన్ని స్టూడియో అన్నాం.
హీటరు వేస్తే మైకులో గుయ్యిమంటోందని ఆపేశాం.
నోళ్లలోంచి ఆవిర్లు,
డ్రమ్ముల మీద ఎండిన పొలుసులు.
కోర్బిన్ లెక్క మొదలెట్టబోయి దగ్గాడు.
తీసేద్దామా అంటే, "ఉండనీ,
మొత్తం పాటలో నేను శ్రుతిలో ఉన్నది అక్కడే" అన్నాడు.

పంతొమ్మిదేళ్లకి ఏం చూశామని అంత కేక!
నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు,
ఇంత గాలివాన ఎన్నడూ ఎరగనందిట.
మాదీ అలాంటి గాలివానే.
కాకపోతే, గనిలో షిఫ్టులు తీసేశాక
కోర్బిన్ వాళ్ల నాన్న పగలంతా
గరాజులో కారు స్టార్టు చేయకుండా కూర్చునేవాడు.
ఆ సంగతి వీడు ఒక్కనాడూ ఎత్తలేదు.
మూడో పాటలో ఒకే తీగ పట్టుకుని
నాలుగు నిమిషాలు, అది తెగేదాకా, కొట్టాడు.
తెగిన చప్పుడూ రికార్డులో ఉంది.

మూడొందల కాపీలు వేయించాం.
నూట పన్నెండు పోయాయి.
మిగిలినవి ఆర్వో బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చి
అట్టలు అప్పడాల్లా ఉబ్బిపోయాయి.

"వీళ్లెవరో తెలీదు" అంటోంది చియా,
"పేర్లు లేవు, స్పీడు కూడా రాయలేదు."
రాయలేదు. రాస్తే గొప్పలకు పోయినట్టని
ఒక రాత్రంతా పోట్లాడుకున్నాం.
గెలిచింది నేనే, పాపిష్టిదాన్ని.

"కిందటేడు మా అమ్మమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు
ఇంట్లో అందరూ గుసగుసలే.
తలుపులు కూడా మెల్లగా వేసేవారు.
పార్కింగ్ లాట్లో, కారులో, ఇదే పెట్టుకునేదాన్ని.
ఎవరో ఒకరు నా బదులు అరవాలి కదా."
రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు
ఈ పిల్ల వెళ్లి మాతో చెప్పుకుందన్నమాట.
అప్పుడు మేమెక్కడున్నాం?
నేను లేక్ అవెన్యూ మీద ఉప్పు జల్లుతూ ఉండుంటాను.

మూడో పాట వచ్చింది.
తీగ మొదలైంది. లోపల లెక్కపెట్టుకుంటున్నాను,
ఇంకో నిమిషం ఉంది, ఇంకో నిమిషం...
టప్‌మని తెగింది.

మూడు నిమిషాలకే!

ప్లేటు వంక చూశాను.
నలభై అయిదులో తిరుగుతోంది.
ముప్పై మూడులో తిరగాల్సింది.
అందుకే కోర్బిన్ గొంతు చిన్నపిల్లాడిలా,
నా బేస్ ఏదో పారిపోతున్నట్టు.
మేం మోయలేక మోయలేక మోసినదాన్ని
ఈ పిల్ల ఏడాదిగా పరుగున మోస్తోంది.

చెప్పడానికి నోరు తెరిచాను.
కళ్లు మూసుకుని, వేళ్లతో కౌంటరు మీద
మా ఆర్వో ఎన్నడూ వాయించనంత వేగంగా
తప్పులేకుండా వాయిస్తోంది.
నోరు మూసుకున్నాను.

"ఎంత?" అన్నాను.
"ఇది అమ్మను" అంది.

బయట మళ్లీ పడుతోంది.
నేను తోసిన దారి అప్పుడే పూడిపోయింది.
కోర్బిన్ ఇప్పుడు ఫార్గోలో కళ్లజోళ్లు అమ్ముతాడు,
మాట్లాడుకుని పదకొండేళ్లు.
గ్లవ్ పళ్లతో లాగి నంబరు నొక్కాను.
ఎత్తాడు.
హలో అనబోయి
దగ్గాడు.