పై అంతస్తు లేని ఊళ్ళో

బ్యూనస్ ఐరిస్‌లో మాది పదకొండో అంతస్తు.
కిటికీ తెరిస్తే ఎదుటి కిటికీ.
పంతొమ్మిదేళ్ళు ఆ కిటికీలో ఒకాయన
గళ్ళ చొక్కా ఇస్త్రీ చేసుకోవడం చూశాను.
వచ్చేసే రోజు చెయ్యి ఊపాను.
ఆయన కర్టెన్ వేసుకున్నాడు.

ఎవరిస్టో లిఫ్టులు బాగుచేసేవాడు.
రాత్రి రెండింటికి ఫోన్ మోగేది,
ఏ ఆరుకీ ఏడుకీ మధ్యనో ఎవరో వేలాడుతుండేవాళ్ళు.
"కంగారు పడకండి, తాడు తెగదు" అనేవాడు
కళ్ళు తెరవకుండానే.
చివరికి ఓ రోజు తనే ఇరుక్కున్నాడు
నాలుగు గంటలు, చీకట్లో, గుండె పట్టుకుని.
డాక్టరమ్మ ఒక్కటే మాట చెప్పింది:
నేల మీద ఉండండి.

నేల మీదికి రావడానికి
బస్సులో పదిహేను గంటలు పట్టింది.
చివర్లో ఆండీస్ కొండలు అడ్డంగా లేచి
ఇక చాల్లే అన్నాయి.

ఈ ఊళ్ళో పై అంతస్తన్నదే లేదు. భూకంపాలట.
చర్చి గంట కూడా కాస్త వంగి నిలబడుతుంది.
ఫ్లాటు అమ్మిన డబ్బుతో ఓ ఇల్లూ,
ఇంటెనక అరెకరం ద్రాక్షా వచ్చాయి.
నాకు వైన్ తాగితే తలనొప్పి.
ఆ సంగతి ఇక్కడ ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఫ్రిజ్ చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచేదాన్ని.
కింద బస్సు బ్రేకు కీచుమనాల్సిన వేళకి
ఇక్కడ ఒకే ఒక్క కప్ప,
అదీ మనసైతేనే.
నక్షత్రాలు ఎన్ని కనపడతాయో చూడు అన్నారు అందరూ.
నిజమే, బోలెడున్నాయి.
రాత్రి పదిన్నరకి ఒక్కటీ పిజ్జా తెచ్చివ్వదు.

మొదటి వారం, మధ్యాహ్నం రెండింటికి
బల్బు కొనడానికి వెళ్ళాను.
ఊరంతా తలుపులేసుకుని నిద్ర.
కుక్క సైతం ఒక కన్నే తెరిచింది.
కొట్టు తలుపు బాదాను, అరచెయ్యి ఎర్రబడేదాకా.
అయిదింటికి ఒకావిడ బల్బు చేతిలో పెట్టి
"బాదింది మీరేనా?" అంది.
పోస్టాఫీసులో ఇప్పటికీ నేను
తలుపు బాదినావిణ్ణే.

నీళ్ళకి ఇక్కడ వంతులుంటాయి.
కొండ మీది మంచు కరిగి, కాలవ దిగి
తొమ్మిది రోజులకోసారి మా తూము దగ్గరికొస్తుంది,
తెల్లవారుజామున మూడూ ఇరవైకి.
తూము తీసేది ఇలారియో.
పాత సైకిలు, రబ్బరు బూట్లు, భుజాన పార.
మొదటిసారి మేం లేవలేదు.
పిలిచి పిలిచి వెళ్ళిపోయిన చుట్టంలా
మా నీళ్ళు పక్కవాళ్ళ తోటలోకి నడిచిపోయాయి.

రెండో వంతుకి
ఫోన్ మోగినట్టు లేచాడు ఎవరిస్టో.
చీకట్లో మట్టికట్ట తెంచుతూ
"కంగారు పడకండి" అంటున్నాడు,
ఎవరితోనో మరి, తీగలతో కాబోలు.

అక్టోబరు. ఇక్కడ చిగుళ్ళ కాలం.
రాత్రి ఒంటిగంటకి తలుపు దబదబ.
ఎవరూ తట్టని తలుపు వెనక ఇన్నేళ్ళు బతికినదాన్ని,
దొంగలనుకుని చీపురు పట్టుకున్నాను.
బల్బుల కొట్టు నెలిదా, చెవులదాకా ఉన్నిటోపీ.
"గడ్డమంచు దిగుతోంది. పదండి."
వరసల మధ్య ఇనప డబ్బాలు,
వాటిలో రంపపుపొట్టూ, వాడేసిన నూనే.
ఊరు ఊరంతా దగ్గుతూ మంటలు రాజేసింది.
నాకు చివరి డబ్బా అప్పజెప్పారు.
ఆ వేడికి నిలబడే నిద్రపోయాను.

తెల్లారి లెక్కపెట్టుకున్నాను:
నా వంతులో పద్నాలుగు తీగలు నల్లబడ్డాయి.
చిగురు ముట్టుకుంటే టీపొడిలా రాలింది.
ఎవరూ ఏమీ అనలేదు.
నెలిదా మాత్రం మసిముక్కు తుడుచుకుంటూ
"వచ్చే ఏడాది డబ్బా కొంచెం దగ్గరికి జరుపు" అంది.

వచ్చే ఏడాది.
నగరంలో ఆ మాట నాతో
బ్యాంకువాడు తప్ప ఎవరూ అనలేదు.

ఎవరిస్టో జేబులో లిఫ్టు తాళంచెవి ఇంకా ఉంది,
మూడు మూలల ఇత్తడిది.
దాంతో తూము చెక్కకి పట్టిన పాచి గీకుతుంటాడు.
రేపు మా వంతు.
అలారం పెట్టాను,
తనే ముందు లేస్తాడని తెలిసీ.