టోకెన్ నంబర్ నూట డెబ్బై మూడు

గుడిపాల దాటినాక, పల్ప్ ఫ్యాక్టరీ ముందు
మూడు రోజులుగా ట్రాక్టర్లు కదల్లేదు.
ఎదురు మేడ మీద అద్దెగదిలో నేను
ఒక చిన్న లైబ్రరీ రాస్తున్నాను.
ఇంకా రాని జవాబుకి ముందే ఒక రూపమిచ్చి
అడిగినవాడి చేతిలో పెట్టే పని.

దానికి 'మాట' అని పేరు పెట్టాను.
ఇచ్చిన మాట, నిలిచిన మాట, తప్పిన మాట:
మూడూ మా అవ్వ తిట్లలోనే ఉన్నాయి,
కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

మొదటి నియమం:
ఒకసారి తేలిన మాట మళ్ళీ మారదు.
పొద్దున ఫ్యాక్టరీ బోర్డు మీద కిలో ఎనిమిది,
సాయంత్రం అదే సుద్దముక్కతో అయిదు.
రాత్రి ఆ నియమం కింద రెండు గీతలు గీశాను.

రెండోది:
జవాబు అప్పటికే సిద్ధంగా ఉన్నా సరే
చేతిలో పని ముగిశాకే, తర్వాతి వంతులోనే చెప్పాలి.
తిరుపతి నుంచి సుబ్బరత్న ఫోన్లో పోట్లాడింది,
"ఉన్నదాన్ని ఇవ్వడానికి ఆలస్యమెందుకు?"
ఒకరోజు పిలవకముందే, ఒకరోజు పొద్దుపోయాక
వచ్చే మనిషికి ఎసరు ఎప్పుడు పెట్టాలి?
అప్పుడు తోచలేదు ఈ జవాబు.

టీకి దిగితే ట్రాలీ నీడలో దొరసామి.
తోతాపురి వాసన అప్పటికే తీపి దాటింది.
జేబులోంచి టోకెన్ తీసి చూపించాడు,
చెమటకి అంకె సగం కరిగింది.
"వొద్దంటే వొద్దని చెప్పమను సా,
ఎనక్కి తిప్పుకోని పోయి ఆవులకన్నా ఏస్తా.
తీస్కుంటామనీ అనరు, తీస్కోమనీ అనరు.
కాయ ఆగదు గదా."

పైకొచ్చి చాలాసేపు కర్సర్ మినుకును చూస్తూ కూర్చున్నాను.
నిలిచినదానికి ఒక దారి రాశాను, తప్పినదానికి ఒక దారి.
తేలనిదానికి?
అది తప్పు కింద లెక్కకి రాదు,
ఎర్ర అక్షరాలు పడవు,
పరీక్షలన్నీ పచ్చగా దాటిపోతాయి,
మెమొరీలో ఏదో మూల
ట్రాలీ నిండా మెత్తబడుతూ ఉంటుంది.

మూడు గంటలకి గడువు చేర్చాను.
గడువు దాటితే మాట తప్పినట్టే.
తప్పిన మాటని ఎవరూ అందుకోకపోతే
ప్రోగ్రాం మొత్తం ఆగి అరవాలి.
మొరటుగా ఉందంటుంది సుబ్బరత్న.
ఉండనీ.

తెల్లారి కిటికీ తీస్తే వరసలో ఒక ఖాళీ.
నూట డెబ్బై మూడు ఎటు పోయిందో,
గేటు లోపలికో, రోడ్డు పక్క గుంటలోకో.
ఆ మేరకి తారు మీద పసుపు జిగురు, ఈగలు.
వాచ్‌మన్ బకెట్టుతో వచ్చాడు.

మాట నిలిచినా తప్పినా
చివర్న జరిగి తీరాల్సిన పని ఒకటుంటుంది.
దానికింకా పేరు పెట్టలేదు.