గొడుగుల పద్దు

సంఘానికి తొంభై అయిదేళ్లు నిండుతున్నాయట,
చరిత్ర రాయమన్నారు నన్ను.
రెండు పేజీలు మించొద్దన్నారు,
మధ్యలో రెక్టరుగారి ఫొటోకి చోటు వదలమన్నారు.

నా దగ్గరున్నవి నాలుగు మినిట్స్ పుస్తకాలు,
ఒక బిస్కెట్ డబ్బా నిండా రసీదులు,
తాళంచెవి పోయిన బీరువా.

ముందు శాన్ ఎలీసియో వాన గురించి చెప్పాలి.
చిలీ దక్షిణాన, ఈ నది ఒడ్డున
వాన కురవదు. కాపురముంటుంది.

ముప్ఫై ఒకటిలో
వృక్షశాస్త్రం మాస్టారి అంత్యక్రియలకి
పదకొండుమంది పాత విద్యార్థులొచ్చారు.
వెళ్లేటప్పుడు చూస్తే వాకిట్లో పన్నెండు గొడుగులు.
పన్నెండోది ఎవరిదో అందరికీ తెలుసు,
ఎవరూ నోరు విప్పలేదు.
ఎవరిదీ కాని దాన్ని అందరిదీ అనడానికి
ఒక సంఘం కావాల్సి వచ్చింది.

మొదటి నియమం: గొడుగు అద్దెకి తీసుకున్నవారు
ఆరబెట్టి తిరిగివ్వాలి.
రెండో నియమం: పట్టా ఉన్నవారే సభ్యులు.
మొదటిదాన్ని ఎవరూ పాటించలేదు.
రెండోదాన్ని ఎవరూ దాటలేదు.

నలభై ఎనిమిది మినిట్స్‌లో
"ఒక మహిళ కూడా హాజరు" అని ఉంది, పేరు లేదు.
మరుసటేడు రాసే పని ఆవిడ మీదే పడింది.
ఓర్తెన్సియా ఒయార్సూన్, గుండ్రటి దస్తూరి:
"పదిహేడుగురు పురుషులు కూడా హాజరు."
అంతే. ఒక్క పేరూ లేదు.

అరవైలో భూమి కదిలింది.
నది మెట్లెక్కి లోపలికొచ్చింది,
ఆ ఏటి పద్దుల్ని అదే తనిఖీ చేసింది.
ఎక్కడిదాకా చదివిందో
కాగితం మీద గోధుమరంగు గీత ఉంది.

డెబ్బై మూడు, సెప్టెంబరు.
ఇరవై ముగ్గురు విద్యార్థుల పేర్లు కొట్టేసి
ఆవరణ గేటుకి సైనికుణ్ణి నిలబెట్టారు.
మా మినిట్స్:
"సమావేశం జరిగింది. చర్చించినదేమీ లేదు."

గొడుగుల పుస్తకం మాత్రం అబద్ధమాడలేదు.
కోశాధికారి ఎదెల్మీరా నవెల్‌పాన్ రాసింది:
"ఏడు, తొమ్మిది, పన్నెండు నంబర్లు ఇచ్చాను.
వాన లేదు."

అర్ధరాత్రి గొడుగు పట్టమన్నవాణ్ణి చూసి
లోకం నవ్వుతుంది మామూలుగా.
ఆ రాత్రి కర్ఫ్యూ దీపాల కింద
మూడు ముఖాల మీద మూడు నల్లటి నీడలు
పడవల రేవుదాకా నడిచాయి.
నవ్వడానికి వీధిలో ఎవరూ లేరు.
"తిరిగి వచ్చిన తేదీ" అనే గడి
మూడు చోట్లా ఖాళీ.

ఆ తర్వాత
ఏటా మార్చిలో, చందాల పుస్తకం చివర,
అదే ఇరవై మూడు పేర్లు, అదే దస్తూరి.
చందా: ముట్టింది.
కట్టినవారు: వాన.
గొడుగుల అద్దె ఎటు పోతోందని
పదిహేడేళ్లలో ఒక్క ఆడిటరూ అడగలేదు.
అడగలేదో, అడగకూడదనుకున్నాడో.

తొంభైలో సర్వసభ్య సమావేశం.
పట్టా లేనివాళ్లు పాత విద్యార్థులవుతారా?
నాలుగు గంటలు, మూడు సవరణలు, రెండు అలకలు.
ఎదెల్మీరా లేచి పుస్తకం బల్లమీద పెట్టింది.
"చేర్చుకోవాలా అని అడుగుతున్నారు మీరు.
వీళ్లు సభ్యులే, పైసా బాకీ లేదు.
తీసెయ్యాలంటే తీర్మానం పెట్టండి, రాసుకుంటాను."
కలం మూత తీసి నిలబడింది.
అందరూ నీళ్లు నమిలారు.
ఆ నీళ్లకి మా ఊళ్లో కరువు లేదు.

ఇరవై ముగ్గురిలో తొమ్మిదిమంది వచ్చారు.
మిగతావాళ్ల గురించి
నాకు తెలిసింది రాస్తే అది చరిత్ర కాదు,
తెలియనిది రాస్తే అసలే కాదు.
పేర్లు మాత్రం వరసగా దింపుతున్నాను.

పోయిన జూన్‌లో గోథెన్‌బర్గ్ నుంచి
ఒక పిల్ల వచ్చింది, విరిగిన స్పానిష్‌తో.
తాతదట, తొమ్మిదో నంబరు.
తడిగానే తెచ్చింది. నియమం చూపించబోయి ఊరుకున్నాను.
విప్పి ఆరబెట్టడానికి వేరే చోటు లేక
రెక్టరుగారి కుర్చీలో పెట్టాను.

రెండు పేజీలు దాటిపోయింది.
ఫొటో కాస్త చిన్నది చెయ్యాలి.