ముట్టబాక

గంజి చల్లారింది.
వెంగమ్మ గిన్నె వంచి చూపించింది:
"మీగడ కట్టింది టీచరమ్మా,
ఇంక పెట్టు పిల్లోళ్ల ముందర."

ఒక బేసిన్లో పసుపు కలిపాం.
ఒకదాంట్లో బీట్‌రూట్ తురిమి పిండాం.
మూడోది మునగాకు నూరిన పచ్చ.
నాలుగోదాంట్లో ఏమీ కలపలేదు,
ఎందుకో నాకే తెలీదు.

ఉదయగిరిలో కొళాయి తిప్పితే
మూడు రోజులుగా గాలే వస్తోంది.
పద్నాలుగు మందికి ఒక్క బకెట్.
సూపర్‌వైజరమ్మ అడిగితే చెప్పాల్సిన జవాబు
పొద్దుటి నుంచీ నమిలి పెట్టుకున్నాను.

పెంచల్ తేజ అరచెయ్యి కాదు,
నేరుగా మోచెయ్యే ముంచాడు.
వేళ్ల సందుల్లోంచి గంజి జారుతుంటే
ముబీనా "పురుగు, పురుగు" అని నవ్వి
మళ్లీ పిసికింది.
ఎవరో బొడ్డు చుట్టూ పొద్దును అద్దుకున్నారు.
ఎవరో నాకి చూసి, మొహం చిట్లించి,
మళ్లీ నాకారు.
గదంతా ఒకటే చప్పుడు,
దమ్ము చేసిన మడిలో ఎద్దులు నడిచినట్టు.

కాలేషా మాత్రం గోడకి వీపానించి కూర్చున్నాడు,
చేతులు రెండూ చంకల్లో దాచుకుని.
మూడున్నరేళ్లు.
పప్పు వేలికంటినా నిక్కరుకు తుడిచేస్తాడు.

వాళ్లింట్లో అమ్మ, నానమ్మ, మేనత్త
ముగ్గురూ చెక్క గరిటెలు చెక్కుతారు.
ఆకురాయి, ఉలి, రంపం,
నేల మీద ఎక్కడ చెయ్యి పెట్టినా ఒక పదును.
నడక రాకముందే వాడికి తెలిసిన మాట "నక్కో".
వీధిలోకొస్తే అదే మాట "ముట్టబాక".
రెండు భాషల్లో వద్దనిపించుకున్న చేతులవి.

నేను బతిమాలలేదు.
వాళ్లమ్మ ఇచ్చిన గరిటె,
పిడి మీద ఆకు ఈనెలంత సన్నని జాలీ ఉన్నది,
తెల్ల గంజిలో వేసి వాడి ముందుకు జరిపి
రిజిస్టర్ రాసుకుంటున్నట్టు నటించాను.

గరిటె వాడికి చుట్టమే కదా.
ఒక చంకలోంచి చెయ్యి తీసి తిప్పాడు.
ఎత్తాడు.
జాలీలోంచి గంజి దారాలు దారాలుగా కారింది.
మళ్లీ ముంచాడు.
చాలాసేపు అదే పని.

అప్పుడు వెంగమ్మ వక్కాకు తిత్తి విప్పి
గోటి చివర సున్నం తీసి
పసుపు బేసిన్లో కలిపింది.
పసుపు కాస్తా ఎర్రగా తిరిగింది.
గదిలో ఊపిరి ఆగింది.
కాలేషా గరిటెతోనే లేచొచ్చి వంగాడు.
గరిటె జారి ఎరుపులో మునిగింది.

నా వైపు చూశాడు.
నేను కిటికీ వైపు చూశాను.

ముందు ఒక వేలు.
తర్వాత మణికట్టు.
గరిటె దొరికింది,
చెయ్యి మాత్రం బయటికి రాలేదు.

మూడింటికి గౌసియా వచ్చింది,
వేళ్లకు రెండు గుడ్డపీలికలు చుట్టుకుని.
మోచేతి దాకా ఎర్రనైన కొడుకును చూసి
నెత్తురనుకుని కేక పెట్టింది.
చెయ్యి లాగి, తిప్పి, వాసన చూసి
గడప మీద కూలబడింది.
కాసేపటికి గొంతు పెగిలింది:
"ఈ నిక్కరు ఎవురు ఉతకాల టీచరమ్మా?
నీళ్లేడున్నాయి?"
నేను నమిలి పెట్టుకున్న జవాబు
ఆమె ప్రశ్నకు సరిపోలేదు.

బకెట్ అడుగున మిగిలిన రంగునీళ్లు
వెంగమ్మ కరివేప మొక్కకు పోసింది.

మర్నాడు కాలేషా ఒక సంచి ఈడ్చుకుంటూ వచ్చాడు.
నిండా రంపపు పొట్టు,
రెండుసార్లు జల్లించి
పేడు ఒక్కటి లేకుండా ఏరింది.
ఎవరిచ్చారో చెప్పలేదు వాడు.
సంచిలోకి భుజం దాకా చెయ్యి పెట్టి
అలాగే నిలబడ్డాడు.